రిబ్కా సిస్టర్ పెద్ద చదువు

రిబ్కా సిస్టర్ని నేను మొదటిసారి చూసినప్పుడు ఆవిడ కాన్పుల గది బయట నిలబడి మందుల అల్మరా సర్దుకుంటున్నారు. లోపల ఒకామె నొప్పులు పడుతోంది. ఆ రోజే ఉద్యోగంలో చేరిన నేను కంగారుగా లోపలికీ బయటికీ తిరుగుతున్నాను. ఆవిడ తల తిప్పకుండానే, ఆ మూలుగు విని, ఇంకా గంటన్నర పడుతుంది, వెళ్ళి టిఫిన్ చేసి రమ్మన్నారు. గంటా నలభై నిమిషాలకు ఆడపిల్ల పుట్టింది.

అది 1986 జూన్. నా పేరు సీతారావమ్మ. మాది చీరాలలో మగ్గాల ఇల్లు. జనరల్ నర్సింగ్ పూర్తిచేసి, రేపల్లెలో ఒక చర్చి ట్రస్టు నడిపే ముప్పై పడకల ఆసుపత్రిలో చేరాను. దాని పేరు ఇక్కడ రాయను. అక్కడ జరిగినదానికి ఫలానా మనిషిదే తప్పని వేలు చూపించడం నాకు ఇప్పటికీ చేతకావడం లేదు.

రిబ్కా సిస్టర్‌కి అప్పటికి ముప్పై నాలుగేళ్ళు. వేమూరు దగ్గర పల్లెలో లూథరన్ బడి పంతులు అబ్రహాము గారి రెండో కూతురు. మిషన్ వాళ్ళు పంపితే మద్రాసు వెళ్ళి నాలుగేళ్ళు బీఎస్సీ నర్సింగ్ చదివి వచ్చారు. ఆ రోజుల్లో మా వైపు డిగ్రీ ఉన్న నర్సు ఎక్కడో గానీ కనిపించేది కాదు. భర్త రాజారత్నం గారు తెనాలిలో ఒక హైస్కూలు గుమాస్తా. అందుకని కాపురం తెనాలిలో, ఉద్యోగం రేపల్లెలో. పొద్దున పాసింజరులో రావడం, సాయంత్రం పాసింజరులో పోవడం. పిల్లలు లేరు. ఎవరైనా ఆ మాట ఎత్తితే, రోజూ నా చేతుల్లో ఇద్దరు ముగ్గురు పుడుతూనే ఉన్నారుగా అని తేల్చేసేవారు. కానీ ఆ పూటంతా మాతో ఎక్కువ మాట్లాడేవారు కాదు.

పొట్ట మీద రెండు చేతులూ ఆనించి బిడ్డ తల ఎటుందో, ఎంత కిందికి దిగిందో చెప్పేవారు. మా డాక్టరు చలపతిరావు గారు చెయ్యి తిరిగిన సర్జన్. ఆయన కూడా సిస్టర్ ఏమన్నారని అడిగాకే గదిలోకి అడుగుపెట్టేవారు. అయితే కేసు షీటు మీద రాసేదీ, సంతకం పెట్టేదీ ఆయనే. అందులో వింతేమీ ఉన్నట్టు మాకెవరికీ తోచలేదు.

మరుసటి ఏడాది ఆగస్టులో నిజాంపట్నం దగ్గర జాలరిపేట నుంచి సుందరమ్మ అనే అమ్మాయిని తీసుకొచ్చారు. తొలి చూలు, ఎనిమిదో నెల దాటింది. బస్సు వెనక సీట్లో పడుకోబెట్టి తెచ్చారు. ముఖమూ పాదాలూ ఉబ్బిపోయి ఉన్నాయి. రెండు రోజులుగా తలనొప్పి, చూపు మసక. మా వరండా మెట్లెక్కుతుండగానే ఫిట్స్ మొదలయ్యాయి. బీపీ విపరీతంగా పెరిగి గర్భిణులకు వచ్చే ఆ మూర్ఛని మా వైపు గుర్రపువాతం అంటారు.

డాక్టరు గారు ఆ మధ్యాహ్నం గుంటూరులో ఉన్నారు. మూర్ఛని ఆపే ఇంజెక్షన్ మా అల్మరాలో ఉంది. మోతాదు మించితే ఊపిరి ఆగిపోయే మందు అది. డాక్టరు రాయనిదే ఇవ్వకూడదు. ట్రంక్ కాల్ బుక్ చేసి, ఆమెను పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఆక్సిజన్ పెట్టి, ఫోను ఎప్పుడు మోగుతుందా అని చూస్తూ కూర్చున్నాం. లైను కలిసేసరికి మూడు గంటలు పట్టింది. అప్పటికి సుందరమ్మ పోయి ఇరవై నిమిషాలు.

ఆమె భర్త గోడకు ఆనుకుని కూర్చుని, బస్సు ఆలస్యమైంది, బస్సు ఆలస్యమైంది అనుకుంటూనే ఉన్నాడు. మమ్మల్ని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అంత ముదిరాక తెస్తే ఎవరేం చేస్తారని డాక్టరు గారు కూడా సర్దిచెప్పారు. రిబ్కా సిస్టర్ రిజిస్టరులో రాయవలసింది రాసి, చేతులు కడుక్కుని నా దగ్గరికొచ్చారు.

"మందూ నా దగ్గరే ఉంది సీతా, తాళమూ నా దగ్గరే ఉంది. ఎంత ఇవ్వాలో తెలీక ఊరుకున్నానా, ఇవ్వకూడదని ఊరుకున్నానా? నాకే తెలీటం లేదు."

 

ఆ తరవాత కొన్ని నెలలకి, మద్రాసులో తనతో చదివిన స్నేహితురాలు రాసిన ఉత్తరంలో ఆ కోర్సు సంగతి తెలిసింది. దక్షిణాన ఒక పెద్ద మిషన్ కాలేజీ, పని చేస్తున్న నర్సుల కోసం రెండేళ్ళ పోస్ట్ గ్రాడ్యుయేట్ చదువు పెట్టింది. ఉద్యోగం మానక్కర్లేదు. ఆరు నెలలకోసారి మూడు వారాలు కాలేజీకి వెళ్ళాలి. మిగతా కాలమంతా ఎవరి ఆసుపత్రిలో వాళ్ళే, ఒక డాక్టరు కనిపెట్టి చూస్తుండగా, అరవై కష్టమైన కాన్పుల్ని పరీక్ష దగ్గర్నుంచి వైద్యం నిర్ణయించడం దాకా సొంతంగా నడిపి, పుస్తకంలో రాసి, ఆ డాక్టరు చేత సంతకం పెట్టించుకోవాలి. ఒక పరిశోధన చెయ్యాలి. డాక్టరు దొరకని చోట తల్లినీ బిడ్డనీ కాపాడగల నర్సుల్ని తయారుచెయ్యడం దాని ఉద్దేశం. వయసు నలభై దాటకూడదు. పనిచేసే ఆసుపత్రి అనుమతి కావాలి.

ఆ అనుమతికే మూడేళ్ళు పట్టింది. ట్రస్టు కార్యదర్శి దేవసహాయం గారు మెత్తని మనిషి. 1988లో అడిగితే, మీరు వెళ్తే కాన్పుల గది ఎవరు చూస్తారమ్మా అన్నారు. 1989లోనూ అదే మాట అన్నారు, కాకపోతే కూర్చోబెట్టి టీ ఇప్పించి అన్నారు. 1990లో ఆవిడ నన్ను వెంటబెట్టుకెళ్ళి, మూడు వారాలు ఈ అమ్మాయి చూసుకుంటుందని చెప్పాక ఆయన కాగితం మీద సంతకం పెట్టారు. జూన్‌లో తరగతులు. ఆవిడ రైలు టిక్కెట్టు కూడా కొనుక్కున్నారు.

మేలో తుఫాను వచ్చింది. మా ఆసుపత్రి వెనక వార్డు రేకులు లేచిపోయాయి. తీరం వైపు ఊళ్ళ నుంచి జనం వరండాల్లో, సైకిలు షెడ్డులో పడుకున్నారు. బావుల్లో ఉప్పునీళ్ళు చేరి వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయి. గోడ కూలి మీద పడ్డ గర్భిణులు ముగ్గురు వచ్చారు. రిబ్కా సిస్టర్ పదకొండు రోజులు తెనాలి మొహం చూడలేదు. ఉండమని ఎవరూ అడగలేదు. వెళ్ళమనీ ఎవరూ అనలేదు. టిక్కెట్టు రద్దు చేయించి కాలేజీకి ఉత్తరం రాశారు. వచ్చే ఏడాది రావచ్చని వాళ్ళు జవాబిచ్చారు.

అలా 1991లో, ముప్పై తొమ్మిదో ఏట చేరారు. తరగతిలో అందరికన్నా పెద్ద ఆవిడేనట.

ఇక చదువంతా రైల్లోనే. లావుపాటి ఇంగ్లీషు పుస్తకానికి అట్ట వేసుకుని, కిటికీ పక్కన కూర్చుని పెన్సిలుతో గీతలు గీసుకునేవారు. అది బైబిలనుకుని ఒకసారి ఎదుటి సీటు ముసలామె తన మనవడి కోసం ప్రార్థన చెయ్యమని అడిగిందట. పుస్తకం మూసి చేశానని చెప్పి నవ్వారు. ఆ రెండేళ్ళలో ఆవిడ నవ్వడం నేను ఎక్కువసార్లే చూశాను.

పరిశోధనకి లెక్కలు కావాలి. బాపట్లలో వ్యవసాయ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన నాగేశ్వరయ్య మాస్టారు ఉండేవారు. ఎవరో చెబితే ఆదివారాలు ఆయన దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టారు. చర్చి ఆరాధన సగంలో లేచి బండి పట్టుకునేవారు. మాస్టారికి వరి మళ్ళ లెక్కలే వచ్చు. ఒక మడికి ఎరువు వేశాం, ఇంకోదానికి వెయ్యలేదు, దిగుబడిలో తేడా నిజమైనదా, గాలివాటంగా వచ్చిందా అని ఆయన చెబుతుంటే, ఈవిడ మడి ఉన్న చోటల్లా మనిషిని పెట్టుకుని, దిగుబడి ఉన్న చోట బీపీ పెట్టుకుని రాసుకునేవారు. ఆయన పైసా పుచ్చుకోలేదు. ఇన్నేళ్ళలో వరి కాకుండా ఇంకోటి లెక్కపెట్టడం ఇదే మొదటిసారమ్మా అన్నారట.

ఆ లెక్కల కోసం ప్రతి గురువారం మేమిద్దరం బస్సెక్కి తీరం ఊళ్ళకి వెళ్ళేవాళ్ళం. బీపీ మిషను ఆవిడ సంచిలో, చీటీల పుస్తకం నా సంచిలో. చేపలు ఎండబెట్టే దిబ్బల పక్కనే పీట వేసుకుని, నెలలు నిండుతున్న వాళ్ళని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి చూసేవాళ్ళం. మొత్తం రెండు వందల పన్నెండు మంది. వాళ్ళలో ముప్పై ఒక్కరికి బీపీ పెరగడం ముందే కనిపెట్టి ఆసుపత్రికి రప్పించాం. ఒక్కరికీ గుర్రపువాతం రాలేదు. అదే రెండేళ్ళలో, మేము వెళ్ళని ఊళ్ళ నుంచి మూర్ఛతో వచ్చినవాళ్ళు పదకొండు మంది. నలుగురు చనిపోయారు. చివరి రెండు నెలల్లో ఎవరైనా ఒక్కసారి చెయ్యి పట్టుకుని బీపీ చూసి ఉంటే వాళ్ళలో ఎక్కువమంది బతికేవారని ఆవిడ రాశారు. ఆ వాక్యం రాసిన రోజు దాన్ని నాకు రెండుసార్లు చదివి వినిపించారు.

అంతా సవ్యంగా పోతోందనుకున్నప్పుడే సంతకాల దగ్గర చిక్కు వచ్చింది. మొదట్లో చలపతిరావు గారు కేసుల పుస్తకం తెరిచి, చూడకుండానే సంతకాలు పెట్టేవారు. నలభై ఒకటి అలా అయ్యాయి. నలభై రెండోది చదివారు. ఆ మధ్యాహ్నం ఓపీ అయ్యాక ఆవిడని పిలిచారు. నేను ట్రే సర్దుతూ ఆ గదిలోనే ఉన్నాను.

"సిస్టర్ గారూ, నిర్ణయం అన్న గడిలో మీ పేరు రాశారేంటండి?" అన్నారు.

"ఆ గడి అందుకేనండి. నేనేం చెయ్యాలనుకున్నానో నేను రాస్తే, అది తప్పో ఒప్పో పక్కన మీరు రాయాలండి."

"ఒప్పేనండి. ఇందులో ఒక్కటీ తప్పు లేదు. నేననేది అది కాదు. రేపు ఏదన్నా అయితే జవాబు చెప్పుకోవాల్సింది నేను. నిర్ణయం మీదేనని నేనే సంతకం పెట్టి ఇస్తే, ఇక నేనెందుకండి ఇక్కడ?"

 "మీరు లేని పూట కోసమండి" అన్నారు ఆవిడ.

డాక్టరు గారి ముఖం మారింది. పుస్తకం మూసి ఆవిడ వైపు జరిపారు. డాక్టరుకు సహాయం చేశాను అని మార్చి రాసుకొస్తే మిగతావాటికి సంతకం పెడతానన్నారు. అలా మారిస్తే కాలేజీ ఒప్పుకోదు. ఆవిడ మూడుసార్లు వెళ్ళి అడిగారు. మూడుసార్లూ ఆయన మర్యాదగానే కాదన్నారు.

నాగేశ్వరయ్య మాస్టారి కోడలు రత్నకుమారి గారు బాపట్లలో కాన్పుల డాక్టరు. మాస్టారు చెప్పగా, తన దగ్గర కేసులు నడపనిచ్చి సంతకం పెట్టడానికి ఆమె ఒప్పుకున్నారు. అయితే ఆదివారం నాడు, అదీ కష్టమైన కాన్పు వస్తేనే. మిగిలిన పందొమ్మిది కేసులకి ఏడాది దాటింది. రిబ్కా సిస్టర్ ఎన్నో ఆదివారాలు ఉత్త చేతులతో తిరిగొచ్చారు. ఇంటి దగ్గర రాజారత్నం గారు తనే వండుకుని, ఆవిడకి గిన్నెలో తీసిపెట్టేవారు. ఇదంతా అయ్యాక ఏంటి అని ఆయన ఒక్కసారే అడిగారట. ఏం చెప్పారండీ అన్నాను. ముందు అవనివ్వండి అన్నానమ్మా అన్నారు.

1994లో పాసయ్యారు. ట్రస్టు వాళ్ళు చిన్న సభ పెట్టి శాలువా కప్పారు. దేవసహాయం గారు, మన జిల్లాకే గర్వకారణం అన్నారు. చలపతిరావు గారు కూడా బాగానే మాట్లాడారు. ఆ సభలోనే ఆవిడ ఒక అర్జీ ఇచ్చారు. డాక్టరు లేనప్పుడు గుర్రపువాతం కేసు వస్తే, తాను నేర్చుకున్న ప్రకారం ఆ ఇంజెక్షన్ ఇచ్చే అధికారం రాతపూర్వకంగా ఇవ్వమనీ, గురువారాల పరీక్షలు అన్ని ఊళ్ళకీ పెంచమనీ. ట్రస్టు దాన్ని డాక్టరు గారికి పంపింది. అవసరం లేదని ఆయన రాశారు. ఆవిడ తన పరిశోధన నకలు జిల్లా ఆరోగ్య కార్యాలయానికి మూడుసార్లు పంపారు. అందినట్టు కూడా జవాబు రాలేదు.

రెండు నెలలకి ట్రస్టు ఆవిడ చదువుని గౌరవించింది. నర్సింగ్ సూపరింటెండెంటుని చేసింది. పైఅంతస్తులో గది, బల్ల, గంట. పనేంటంటే డ్యూటీ పట్టీలు, దుప్పట్ల లెక్క, ఆయాల సెలవులు. ఇక కాన్పుల గదికి రానక్కర్లేదన్నారు. ఇంత చదివినావిడ చేత ఆ పని చేయించడం బాగుండదట.

నేను పైకి వెళ్ళినప్పుడల్లా ఆవిడ కలం పక్కన పెట్టి, కింద ఎవరున్నారు, ఎన్నో కాన్పు, తల దిగిందా అని అడిగేవారు. చెప్పేదాన్ని. తల ఊపి మళ్ళీ దుప్పట్ల పుస్తకం మీదికి వంగేవారు.

1996 ఫిబ్రవరిలో కొండమ్మ వచ్చింది. ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. ఆటోలోంచి దించుతుండగానే మూర్ఛ. డాక్టరు గారు విజయవాడలో ఉన్నారు, సాయంత్రానికి గానీ రారు. నేను మెట్లెక్కి పరుగెత్తాను. రిబ్కా సిస్టర్ అడుగులో అడుగు వేసుకుంటూ, తొందర లేకుండా దిగి వచ్చారు. మొదట బిడ్డ గుండె కోసం విన్నారు. చాలాసేపు విన్నారు. బయటికి వెళ్ళి, బిడ్డ గుండె వినపడటం లేదమ్మా, తల్లిని చూస్తాను అని అత్తగారితో చెప్పారు. ఆ మాట నా చెవులతో విన్నాను. తరవాత మోకాలి మీద తట్టి చూసి, శ్వాస లెక్కపెట్టి, ఇంజెక్షన్ ఇచ్చారు. మోతాదు మించితే తట్టినా మోకాలు కదలదు, అందుకని ప్రతి గంటకీ మళ్ళీ తట్టి, మళ్ళీ లెక్కపెట్టి షీటు మీద రాశారు. నిర్ణయం తనదని రాసి పేరు పెట్టారు. పావుగంటలో మూర్ఛ ఆగింది. మళ్ళీ రాలేదు. సాయంత్రం డాక్టరు గారొచ్చి చనిపోయిన మగబిడ్డని తీశారు. కొండమ్మ బతికింది.

నాలుగో రోజున బంధువులు పదిమందిదాకా వచ్చారు. డాక్టరు లేకుండా నర్సు ఇచ్చిన సూది వల్లే బిడ్డ పోయిందని ఎవరు చెప్పారో గానీ చెప్పారు. ట్రస్టు విచారణ పెట్టింది. నేనున్నా అదే ఇచ్చేవాణ్ణి, కానీ నేను ఇవ్వమని చెప్పలేదు అన్నారు చలపతిరావు గారు. ఆయన అన్నది రెండు మాటలు. విచారణ కాగితంలో రెండోదే ఎక్కింది. బిడ్డ సంగతి ముందే చెప్పారని నేను సాక్ష్యం ఇచ్చాను. నేను ఆవిడ మనిషినని నా సాక్ష్యాన్ని పక్కన పెట్టారు.

దేవసహాయం గారు నిజంగానే బాధపడ్డారు. "ఒక్క ముక్క రాసిస్తే అయిపోతుందమ్మా. పొరపాటైంది, మళ్ళీ జరగదు అని. అంతే" అన్నారు.

"మళ్ళీ చెయ్యనని రాయాలాండి?"

"అంతేనమ్మా."

"అది రాయలేనండి. రేపు ఇంకొకామె వస్తే మళ్ళీ ఇస్తాను. ఇవ్వనని రాసి ఎట్లా ఉండేదండి ఇక్కడ?"

 ఆవిడే కాగితం అడిగి తీసుకుని రాజీనామా రాశారు. పదేళ్ళు ఆవిడ పక్కన పనిచేసినదాన్ని, నేనూ రాస్తానని ఆ పూట అనలేకపోయాను. మా నాన్న అప్పటికే చూపు ఆనక మగ్గం దిగారు. ఇంటికి నా జీతమే ఆధారం. ఆవిడకీ తెలుసు. నువ్వుండు, గురువారాలు మానకు అన్నారు.

నాలుగు నెలలు ఒక్కదాన్నే వెళ్ళాను. తరవాత వచ్చిన సూపరింటెండెంటు గురువారం నాకు వార్డు డ్యూటీ వేశారు. మార్చమని ఒకసారి అడిగి ఊరుకున్నాను. 1998లో పైగదికి రంగులు వేయిస్తూ బీరువా ఖాళీ చేశారు. రెండు వందల పన్నెండు మంది చీటీలూ పాత కాగితాలతో పాటు పోయాయని నాకు వారం తరవాత తెలిసింది.

అదే ఏడాది కొండమ్మ రెండో కాన్పుకి వచ్చింది. ఈసారి బిడ్డ క్షేమం. మొదటి కాన్పులో ఆమెని బతికించింది ఎవరో చెప్పాలని మంచం దగ్గర కూర్చున్నాను. "ఆ సూదేసినామే కదండీ, ఆమె వల్లే నా పిల్లోడు పోయాడంట" అంది. అది కాదమ్మా అని జరిగిందంతా చెప్పాను. విన్నది. బిడ్డని దగ్గరికి తీసుకుని గోడ వైపు తిరిగింది.

రిబ్కా సిస్టర్ తెనాలిలో రెండు మూడు నర్సింగ్ హోముల్లో అడిగి చూశారు. ఇంత చదివినవాళ్ళతో మాకు ఇబ్బందండి అని ఒకరు మొహం మీదే చెప్పారట. చివరికి పిల్లల డాక్టరు ఒకాయన క్లినిక్‌లో కుదిరారు. చీటీలు ఇవ్వడం, పిల్లల బరువు చూడటం, వరసలో పేర్లు పిలవడం పని.

1999లో ఒక సెలవు రోజు అక్కడికి వెళ్ళాను. బెంచీల నిండా తల్లులు, ఏడుస్తున్న పిల్లలు. ఆవిడ జుట్టు బాగా నెరిసింది. తూకం బల్ల పక్కన నాకు చోటు చూపించి, చేతిలో పని ఆపకుండానే మాట్లాడారు. మా నాన్న గురించి అడిగారు, రాజారత్నం గారి మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పారు. కొండమ్మ అన్న మాట నేను చెప్పలేదు. బీరువా సంగతి కూడా చెప్పలేదు. లేచి బయల్దేరబోతుంటే అడిగారు.

"ఈ ఏడాది గుర్రపువాతం కేసులు ఎన్నొచ్చాయి?"

"ఐదండి."

"బతికారా?"

"ఇద్దరేనండి."

ఆవిడ చేతిలో ఉన్న బిడ్డని తూకం మీంచి తీసి తల్లికి అందించారు. చీటీ మీద బరువు రాశారు. తరవాతి పేరు పిలిచారు.